గుణము వీడు లవణము

ఈనాటి ప్రసంగమున నేను ఏ రాజు చరిత్రను గాని, ఏ కోట చరిత్రను గాని చెప్పబూనలేదు. మన గ్రామములలో పంచాయతీ కార్యాలయమున ఒక మూల సంచిలో పడియుండు తెల్లపొడి చరిత్రను చెప్పదలచితిని. పాఠ్యపుస్తకములు దానిని విరంజన చూర్ణమనును. జనులు బ్లీచింగు పౌడరందురు. వానలు కురిసి బావినీరు కలకబారినపుడును, ఊర వాంతులు విరేచనములు పుట్టినపుడును, తుపాను వెలిసినపుడును మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది ఆ పొడియే.

ఇంత సామాన్యమైన వస్తువునకు చరిత్ర యేమని మీరడుగవచ్చును. అందులకు సమాధానముగా నా యనుభవము నొకదానిని ముందుగా విన్నవించెదను. సుమారు ముప్పదియైదు సంవత్సరముల క్రిందట నేనొక గ్రామమున ఉపాధ్యాయుడుగా నుంటిని. బడి ఆవరణమున నొక బావి యుండెను. పిల్లలును, చుట్టుపట్ల ఇండ్లవారును ఆ నీరే త్రాగుచుండిరి. ఒక తుపాను తరువాత ఎవరో పంపిన బ్లీచింగు పౌడరు సంచి మాకు చేరెను. దానిని సామానుగదిలో, కురియుచుండు పెంకుటికప్పు క్రింద నుంచితిమి. సంచి మూతి విప్పియే యుండెడిది. ప్రతి శనివారమును నేనే దగ్గర నిలిచి యొక దోసెడు పొడి బావిలో చల్లించుచుంటిని. ఇట్లు రెండేండ్లు గడచెను. మూడవ యేట శ్రావణమాసమున ఆ బావినీరు త్రాగిన పిల్లలకు విరేచనములు పట్టుకొనెను. పలువురు కోలుకొనిరి. ఒక పసిబిడ్డ దక్కలేదు.

అపుడు ఆరోగ్యశాఖ ఉద్యోగి యొకడు వచ్చి బావినీటిని గాజుగొట్టమున పట్టి, అందొక మందు చుక్కలు విడిచెను. రంగు రాలేదు. మా సంచిలోని పొడిని చిటికెడు నీట కలిపి మరల చుక్కలు వేసెను. అప్పుడును ఉందో లేదో యన్నంత రంగు మాత్రమే కనబడెను. అతడు నావైపు తిరిగి, "అయ్యా, ఇందిక మిగిలినది సున్నమే. తమరు ఇన్నాళ్లు బావికి వెల్ల వేయించినారు" అనెను. సంచి అదియే, తెలుపు అదియే, వాసనయు కొంత యుండెను. అయినను గుణము లేదు. ఆ దోషము నాది. నాటినుండి ఈ పొడిని గూర్చి నాకు చేతనైనంత చదివితిని. అందు తెలిసినదానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

కాలమునుబట్టి ఔషధము గుణము కోల్పోవుననుట మన పెద్దలకు క్రొత్త మాట కాదు. వైద్యగ్రంథమగు శార్‌ఙ్గధరసంహితయందు ఏ మందు ఎంతకాలము వీర్యము నిలుపుకొనునో చెప్పబడినది. చూర్ణము రెండు నెలలు గడచిన పిమ్మట హీనవీర్యమగునని ఆ శాస్త్రమర్యాద. ఆసవములు మాత్రము పాతబడిన కొలది మేలు. ఇంట చూర్ణము నూరి నిలువ చేసిన ప్రతి ముదుసలికిని ఈ సంగతి తెలియును. కాని సంచిలోని తెల్లపొడి కూడ ఒక చూర్ణమేయని నా వంటివానికి తోచకపోవుట వింత.

ఇందులకు కారణము లేకపోలేదు. మనకు లవణమనగా ఉప్పు. ఉప్పు పదేండ్లు కుండలో నున్నను ఉప్పే. తేమకు కరగవచ్చును గాని, కరగిన దానిని ఎండబెట్టిన మరల ఉప్పే మిగులును. రసాయనశాస్త్రమున లవణమను మాటకు విశాలమైన అర్థము కలదు. ఆమ్లమును క్షారమును కలిసినచో ఏర్పడు పదార్థములలో ముఖ్యమైనది లవణము. అట్టి లవణములు వేలకొలదిగ నున్నవి. వానిలో కొన్ని శిలవలె స్థిరములు. కొన్ని పచ్చిపాలవలె అస్థిరములు. హైపోక్లోరస్ ఆమ్లమను మిక్కిలి బలహీనమైన ఆమ్లమును, సున్నమును కలియుటచే నేర్పడు కాల్షియం హైపోక్లోరైటను లవణము ఈ రెండవ తెగలోనిది. బ్లీచింగు పౌడరునకు ప్రాణము ఆ లవణమే. తక్కినది సున్నమును, క్షారస్వభావముగల కాల్షియం క్లోరైడును. ఈ పొడి కూర్పును గూర్చి రసాయనవేత్తలు నూరేండ్లకు పైగా వాదులాడిరి. ఇది ఏకపదార్థము కాదనియు, మిశ్రమమనియు 1935వ సంవత్సరమున ఎక్స్ కిరణముల పరీక్షవలన స్పష్టమాయెను.

ఇక దీని పుట్టుక. మన చాకలివారు చౌడుమట్టితో బట్టలను ఉబ్బకు పెట్టి, రేవున ఉదికి, ఎండలో పరచి చలువ చేయుట మీరెరుగుదురు. ఐరోపాఖండమున గూడ పూర్వ మిట్టి పద్ధతియే యుండెను. నారబట్టలను బూడిదనీట కాచి, పచ్చికబయళ్లమీద పరచి, పులిసిన మజ్జిగలో నానవైచి, మరల ఎండకు పెట్టుచుండిరి. ఒక తాను తెల్లబడుటకు నెలలు పట్టెడిది. అచట ఎండ తక్కువ గావున వేసవి యంతయు అందులకే చాలకుండెను. విలువైన భూములు బట్టలు ఆరవేయుటకే పోవుచుండెను.

1774వ సంవత్సరమున స్వీడను దేశమందలి షీలే యను మందులవర్తకుడు మాంగనీసు రాయిని ఉప్పునుండి తీసిన ఆమ్లముతో కాచి, పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చని వాయువు నొకదానిని పుట్టించెను. అది ముక్కుపుటములను దహించునంత ఘాటైనది. పువ్వులకును ఆకులకును సోకినచో వాని రంగు పోవుట అతడు గమనించెను. 1810లో ఇంగ్లండునందలి డేవీ యను శాస్త్రజ్ఞుడు అది మూలపదార్థమని నిరూపించి, గ్రీకుభాషలో లేతాకుపచ్చ అను అర్థమిచ్చు మాటనుబట్టి క్లోరిను అని పేరుపెట్టెను. ఈ నడుమ, 1785లో, ఫ్రాన్సుదేశపు బెర్తొలే ఆ వాయువుతో బట్టలు చలువ చేయవచ్చునని చూపెను. ఆవిరియంత్రమున ప్రసిద్ధుడగు జేమ్సు వాట్టు ఆ విద్యను పారిసునందు చూచి, గ్లాస్గోలో చలువపని చేయించుచున్న తన మామగారికి తెలిపెను.

కాని వాయువును మూటగట్టి పంపుట యెట్లు? నీట కరిగించినచో ఆ నీరు త్వరలోనే పసచెడును. పనివాండ్ర ఊపిరితిత్తులు చెడును. గ్లాస్గో ప్రాంతమున చార్లెసు టెనెంటు అను నేతపని నేర్చిన చలువవ్యాపారి యుండెను. అతడు 1798లో సున్నపునీటిలో క్లోరినును ఇమిడ్చి ఒక ద్రావణము చేసెను. మరుసటి యేట, అనగా 1799లో, తడియారిన చల్లారిన సున్నమునకే ఆ వాయువును పట్టించి పొడిగా చేయు పద్ధతికి రాజపట్టా పొందెను. అదియే బ్లీచింగు పౌడరు. దానిని పీపాలలో నింపి ఓడలమీద దేశాంతరములకు పంపవచ్చును. గ్లాస్గోలో సెయింట్ రోలాక్సు అనుచోట అతడు నెలకొల్పిన కర్మాగారము ఒకనాడు ఐరోపాలోని మిక్కిలి పెద్ద రసాయన కర్మాగారములలో నొకటియై వెలసెను. నెలల పని దినములలోనికి వచ్చెను. చలువకు పట్టిన పచ్చికబయళ్లు మరల సేద్యమునకును పశువులకును దక్కెను.

ఈ వైభవమునకు మరియొక ముఖముండెను. గచ్చునేల మీద సున్నము పరచి, తలుపులు మూసి, వాయువును విడిచి, పిమ్మట పనివాండ్రు లోనికి పోయి ఆ పొడిని పారలతో ఎత్తవలెను. నోటికిని ముక్కునకును దళసరి ఉన్నిగుడ్డ చుట్టలు కట్టుకొని ఆ పని చేయుచుండిరి. లోకమునకు తెల్లని బట్టలిచ్చిన ఆ కూలీల బాధ చరిత్రలో చిన్న అక్షరములతోనే వ్రాయబడినది.

వాయువును పొడిగా బంధించితిమని వర్తకులు సంతసించిరి గాని, ఆ బంధము గట్టిది కాదు. ఈ లవణము పీపాలో పడిన దినమునుండియే విడిపోవుటకు మొదలిడును. అది మూడు దారుల విడిపోవును. ఆ మూటిని వేరువేరుగ గ్రహించినగాని మా బావి సంగతి బోధపడదు.

మొదటి దారి గాలితేమలది. మనము విడుచు ఊపిరియందును, గాలియందును బొగ్గుపులుసు వాయువు కలదు. తేమతో కూడిన ఆ వాయువు పొడికి సోకగానే హైపోక్లోరస్ ఆమ్లముకంటె బలవత్తరమగుటచే దానిని తరిమి సున్నమును తాను పట్టుకొనును. క్లోరిను వెలికి పోవును. వెనుక సీమసున్నమువంటి పదార్థము మిగులును. సంచి విప్పగానే గుప్పున కొట్టు వాసన ఈ పోవుచున్న క్లోరినుదే. వాసన యున్నది గావున మందు గట్టిదని మన మనుకొందుము. నిజమునకు వాసన గుణము వెడలిపోవుచున్నదనుటకు గుర్తు. గుణము చాలవరకు పోయిన పిదపను కొంతకాలము వాసన నిలిచియుండును. నేను మోసపోయినది అందుచేతనే.

రెండవ దారి వెలుతురుది. ఎండ సోకినను, ఇనుమువంటి లోహముల తుప్పు కలిసినను ఈ లవణమునందలి ప్రాణవాయువు విడివడి పోవును. పిమ్మట మిగులునది కాల్షియం క్లోరైడు. దానికి క్రిములను చంపు శక్తి లేదు. పైగా గాలిలోని చెమ్మను పీల్చి పొడిని ముద్ద చేయును. ఆ చెమ్మ మొదటి దారిని మరింత సుగమము చేయును. ఒక దొంగ లోనికి వచ్చి రెండవవానికి తలుపు తీసినట్లు.

మూడవ దారి వేడిది. ఇది అన్నిటికంటె గూఢమైనది. వేడివలన ఈ లవణము తనలో తాను మారి, క్లోరేటు అను వేరొక లవణముగను, క్లోరైడుగను అగును. ఇందు బయటికి పోవునది యేమియు లేదు. మూత బిగించిన డబ్బాలో గూడ ఇది జరుగును. తూచినచో తూకము తగ్గదు. మొదటి దారిని చెమ్మ పీల్చిన సంచియైతే తూకము పెరుగవచ్చును గూడ. పది డిగ్రీల వేడి హెచ్చినపుడెల్ల ఇట్టి మార్పు వేగము రెండింతలో, అంతకు మించియో అగును. గ్లాస్గో చలిలో చాలకాలము నిలుచు పొడి మన వైశాఖపు ఎండలో రేకుల కప్పు క్రింద అంతకాలము నిలువదు.

కర్పూరముతో పోల్చి చూడుడు. కర్పూరము ఎగిరిపోయినచో భరిణె ఖాళీయగును, చూచినవానికి తెలియును. ఈ పొడి యట్లు కాదు. ప్రాణము పోయినను దేహము అట్లే యుండును, అదే తెలుపు, అదే బరువు. కన్నును, ముక్కును, త్రాసును మూడును దీని విషయమున సాక్ష్యమునకు పనికిరావు. కావున ఈ లవణము చరిత్రయంతయు దీనిని పరీక్షించు ఉపాయముల చరిత్రయే యైనది. దీనిని కొలిచి వాడినవారు మేలుపొందిరి. నమ్మి వాడినవారు నష్టపడిరి.

మొదట కొలిచినవారు బట్టల చలువవారే. మందు పస తగ్గినచో తాను తెల్లబడదు. పస హెచ్చినచో నారయే చివికిపోవును. అందుచేత 18వ శతాబ్దపు చివర ఫ్రాన్సులోని రువాన్ పట్టణమున డెక్రువాజీ అను రసాయనవేత్త ఒక సులభోపాయము కనిపెట్టెను. నీలిమందు ద్రావణమును గీతలు గల గాజుగొట్టమునకు పోసి, నిర్ణీతమైన చలువమందు ఎంత నీలిని రంగులేకుండ చేయగలదో చూచుటయే ఆ ఉపాయము. 1824లో గే-లుసాక్ అను సుప్రసిద్ధ శాస్త్రవేత్త దానిని సవరించి క్రమబద్ధము చేసెను. ద్రవమును కొలిచి పదార్థముల పరిమాణము తెలిసికొను శాస్త్రభాగమునకు ఇట్టి పరీక్షలే తొలి మెట్లు. ఇందొక చమత్కారమున్నది. 19వ శతాబ్దమున మన కడప, నెల్లూరు మండలములలో విస్తారముగ పండి, విదేశములకు ఎగుమతియైన పంట నీలి. బట్టకు రంగు వేయు నీలి, రంగు తీయు పొడి సత్తువను తేల్చు సాక్షి యాయెను.

బట్టల కొరకు పుట్టిన పొడి మనుష్యుల ప్రాణములకు అక్కరకు వచ్చుట తరువాతి కథ. 1820 ప్రాంతమున పారిసు నగరమున లబర్రాక్ అను మందులవర్తకుడు పశువుల ప్రేగులను శుభ్రపరచు శాలల దుర్గంధమును ఈ జాతి లవణములతో పోగొట్టి బహుమానము పొందెను. అప్పటికి క్రిముల సంగతి ఎవరికిని తెలియదు. దుర్వాసనయే రోగకారణమని తలచుచుండిరి. 1847లో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఒక ఘోరమును చూచుచుండెను. శవపరీక్షలు చేసి తిన్నగా వచ్చిన విద్యార్థులు పురుడు పోయు వార్డులో బాలింతలు జ్వరముతో మరణించుచుండిరి. ఆ యేడు ఏప్రిలు నెలలో నూటికి 18 మందికి పైగా చనిపోయిరి. మే నెల నడుమనుండి అతడు అందరిచేతను క్లోరిను ద్రావణమున చేతులు కడిగించెను. అది ప్రియమగుటచే పిమ్మట ఈ సున్నపుపొడి నీటినే వాడించెను. జూను నెలలో మరణములు నూటికి రెండు చిల్లరకు దిగెను. అతని మాట నాటి పెద్దలు పెక్కురు చెవిని పెట్టలేదు.

నీటివలన కలరా వ్యాపించునని 1854లో లండను నగరమున జాన్ స్నో చూపెను. 1884లో కలకత్తాయందలి ఒక చెరువునీటిలో కలరా క్రిమిని కోహ్ అను జర్మను పండితుడు కనుగొనెను. అటుపిమ్మట శత్రువెవరో తెలిసెను, ఆయుధమును వెదకుట మిగిలెను. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణమున టైఫాయిడు చెలరేగి నూరుమందికి పైగా చనిపోగా, నీటిగొట్టములను బ్లీచింగు పౌడరు ద్రావణముతో శుద్ధి చేసిరి. 1905లో లింకన్ పట్టణమున హూస్టను అను వైద్యుడు ఈ జాతి మందునే త్రాగునీటిలో ఎడతెగక కలిపించెను. 1908 సెప్టెంబరు 26వ తేదీనుండి అమెరికాలోని జెర్సీ నగరమునకు పోవు నీటిలో బ్లీచింగు పౌడరును దినదినమును కలుపసాగిరి. లీల్ అను వైద్యుడు ముందుగా ఎవరి యనుమతియు లేకయే ఈ సాహసమునకు పూనుకొనెను. త్రాగునీట మందు కలుపుట తగునా యని న్యాయస్థానమున వాదములు జరిగెను. తుదకు తగునని తీర్పు వచ్చెను. పదిలక్షల పాళ్ల నీటికి ఒక పాలు క్లోరిను కూడ వలసినది కాలేదు. ఇంత స్వల్పమైన మోతాదుతో పనిచేయు మందు విషయమున పొడిలో పస యున్నదో లేదో తెలియుట ఎంత ముఖ్యమో ఆలోచింపుడు.

మొదటి ప్రపంచయుద్ధమున ఈ క్లోరినే 1915 ఏప్రిలులో ఈప్ర పట్టణమువద్ద విషవాయువుగా సైనికులమీదికి విడువబడెను. ఆ సంవత్సరమే ఫ్రాన్సులో డేకిన్ అను రసాయనవేత్తయు, కారెల్ అను శస్త్రవైద్యుడును ఈ పొడినుండి చేసిన పలుచని ద్రావణముతో సైనికుల కుళ్లుచున్న గాయములను కడిగి, అవయవములను కాపాడిరి. డేకిన్ ద్రావణము నూటికి అరపాలునకు కొంచెము తక్కువగనో, అంతకో సరిపోవలెను. హెచ్చినచో మాంసము మండును. తగ్గినచో క్రిమి చావదు. అందుచేత పొడి పీపా వచ్చినపుడెల్ల దాని పసను పరీక్షించి, దానినిబట్టియే ద్రావణమును కలుపుచుండిరి.

ఆ యుద్ధకాలముననే హారక్సు అను సైనికవైద్యుడు సైనికుల నీటిబండ్ల కొరకు ఒక చిన్న పరీక్షపేటికను సమకూర్చెను. అందు ఆరు తెల్లని గిన్నెలు, ఒక నల్లని గిన్నె, రెండు చెంచాలు ఉండును. మన చేతిలోని పొడినే నల్లగిన్నెలో నీటితో కలిపి, శుద్ధి చేయవలసిన నీటిని తెల్లగిన్నెలలో నింపి, మొదటిదానిలో ఒక చుక్క, రెండవదానిలో రెండు, ఇట్లు ఆరు చుక్కలవరకు ఆ ద్రావణమును విడువవలెను. అరగంట తరువాత సూచకమందు వేసినచో, ఏ గిన్నెలో మొదట నీలిరంగు కనబడునో దానినిబట్టి ఎంత పొడి వలయునో లెక్కకు వచ్చును. మూడవ గిన్నెలో రంగు వచ్చినచో 455 లీటర్ల నీటికి 6 గ్రాముల పొడి వలయును. సంచిమీది ముద్రను నమ్మక, ఆ సంచిలోని పొడిచేతనే సాక్ష్యము చెప్పించుట ఈ పేటికలోని తెలివి. ఆరు గిన్నెలలోను రంగు రానిచో నీరు మితిమీరి మలినమైనను కావలెను, పొడి చచ్చినదైనను కావలెను. మా బడిలో అట్టి పేటిక యొక్కటి యుండినచో ఆ పసిబిడ్డ బ్రదికియుండెడిదేమో.

మన దేశమున 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఆగ్రాయందు హాంకిన్ అను క్రిమిశాస్త్రజ్ఞుడు బావులకు పొటాషియం పర్మాంగనేటు వేయు పద్ధతిని ప్రచారము చేసెను. బావినీరు గులాబివన్నె కెక్కుటను చూచిన పెద్దలు మీలో నుందురు. పిమ్మట క్రమముగ బ్లీచింగు పౌడరు ఆ స్థానమును పొందినది. మహానగరములకు సీసాలలో బంధించిన క్లోరిను వాయువు వచ్చినను, బావికి నేటికిని పొడియే గతి. ఉష్ణదేశముల కొరకు పొడిలో కాల్చిన సున్నమును అదనముగ కలిపి, లోని చెమ్మను అది పీల్చుకొనునట్లు చేసిన రకమును కనిపెట్టిరి. అది ఎక్కువకాలము నిలుచును. ఎల్లకాలము నిలువదు.

ఇక ఆచరణకు రావలసిన మాటలు కొన్ని. క్రొత్త పొడియందు నూటికి సుమారు 33 పాళ్లు పనిచేయు క్లోరిను ఉండును. పొడిని మూత బిగువుగ నుండు, తుప్పుపట్టని పాత్రలో, చల్లని, చీకటియగు, తడిలేని గదిలో ఉంచవలెను. నూనెలు, కిరసనాయిలు, ఎరువులు, ఆమ్లములు దాని దరిని ఉండరాదు. మరుగుదొడ్లు కడుగు ఆమ్లము దీనితో కలిసినచో విషవాయువు లేచును. వచ్చిన తేదీని పాత్రమీద వ్రాయవలెను. ముందు వచ్చినదానిని ముందు వాడవలెను.

మంచి పొడియైనచో 1000 లీటర్ల తేటనీటికి సుమారు 2.5 గ్రాములు చాలును. బావి వెడల్పు 2 మీటర్లును, నీటిలోతు 3 మీటర్లును అయినచో, వెడల్పును వెడల్పుచే హెచ్చించి, లోతుచే హెచ్చించి, 3.14చే హెచ్చించి నాలుగింట భాగించిన 9.42 ఘనపు మీటర్లు వచ్చును. అనగా 9,420 లీటర్లు. దానికి వలయు పొడి సుమారు 24 గ్రాములు. పొడిలో పస అయిదవ వంతే మిగిలినచో అయిదింతలు వలయును. పస లేనిచో బుట్టెడు పోసినను వ్యర్థము. పొడిని తిన్నగ బావిలో చల్లరాదు. బకెట్టులో 100 గ్రాములకు మించకుండ వేసి, కొంచెము నీటితో ముద్దగ కలిపి, పిమ్మట ముప్పాతికవరకు నీరు పోసి కలియబెట్టి, పది నిమిషములు తేరనిచ్చి, పైతేటను వేరొక బకెట్టులోనికి వంచి, ఆ తేటను బావిలోనికి దించి నీటిని బాగుగ కలచవలెను. అడుగున మిగిలిన సున్నము బావిలో పడరాదు. రాత్రి జనులు నీరు తోడుట మానిన పిమ్మట ఈ పని చేయుట మేలు. కనీసము ఒక గంట గడువక ఆ నీటిని త్రాగరాదు.

ఇంతయు చేసిన పిమ్మట చిట్టచివరి పని, అన్నిటికంటె ముఖ్యమైన పని, పరీక్ష. గంట తరువాత నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. చిన్న గొట్టమున నీరు పట్టి, మందు వేసినచో, పరీక్షామందునుబట్టి పసుపురంగో గులాబిరంగో కనబడును. ఆ రంగు కనబడినప్పుడే బావి శుద్ధియైనట్లు. వీధుల వెంబడి తెల్లని గీతలు గీసి, ఊరంత వాసన కొట్టించినందువలన నీరు శుద్ధికాదు.

గ్రామమున నలుగురు చెప్పినమాట వినెడు పెద్దలు మీరు. లెక్కల పుస్తకమును అడిగి చూచుట మీకు అలవాటే. ఈ సారి పంచాయతీకి పోయినపుడు ఆ మూలనున్న సంచిని గూడ విప్పించి చూడుడు. అది ఏనాడు వచ్చినది, మూత యున్నదా, పరీక్షించిరా, అని మూడు ప్రశ్నలడుగుడు. ఆనాడు నన్ను ఆ మూడు ప్రశ్నలడిగినవారు లేకపోయిరి. నేనును నన్నడుగుకొనలేదు. ఆ బావి నేటికిని ఉన్నది. ఆ యూరికి పోయినపుడెల్ల దాని గట్టుమీద కొంతసేపు కూర్చుండి వచ్చుచుందును.